ఆడేవారి అనుభవాలు – ఆడించేవారి బాధ్యతలు



క్రిస్మస్ ఆరాధనలు ముగిసి సంక్రాంతి దగ్గర పడగానే మన ఊళ్లలో ఆటల పోటీలు మొదలవుతాయి. కోత కోసిన చేలల్లో కబడ్డీ, చర్చి ఆవరణల్లో వాలీబాల్, హైస్కూలు మైదానంలో టెన్నిస్ బంతి క్రికెట్ జోరుగా సాగుతాయి. ఆ వారాల్లో మా డ్రెస్సింగ్ రూమ్‌లో కూడా రద్దీ పెరుగుతుంది. వాచిన చీలమండలు, తొలగిన భుజాలు, విరిగిన వేళ్లు, పగిలిన నుదుళ్లు.

అయినా ఆటలు మానమని మేము చెప్పము. షుగరు, బీపీ, ఊబకాయం ఇంటింటికీ వచ్చిన ఈ రోజుల్లో ఆట ఒక మందు లాంటిది. పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు, పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అయితే మందుకు మోతాదు ఉన్నట్లే ఆటకూ ఉంది.

ఈసారి పాఠం మేమే చెప్పకుండా, చుట్టుపక్కల ఊళ్లలో ఏళ్ల తరబడి ఆడినవారిని, ఆడించినవారిని మన ఆసుపత్రి హాలుకు ఆహ్వానించి మాట్లాడించాము. పేర్లు రాయవద్దని వారు కోరారు గనుక రాయడం లేదు. నలుగురు నాలుగు ఆటల గురించి చెప్పినా సారాంశం ఒక్కటే: ఎప్పుడు ఆపాలో తెలిసినవారే ఎక్కువ కాలం ఆడతారు. ఆపే ధైర్యం ఆటగాడికి ఊరు, సంఘం, కుటుంబం కలిసి ఇవ్వాలి.

1. కబడ్డీ ఆటగాడు చెప్పిన మాట

ఈయనకు ఇప్పుడు 46 ఏళ్లు. యౌవనంలో కూతకు వెళితే ఇద్దరు ముగ్గురిని అవుట్ చేసి తిరిగివచ్చేవారట. ఆయన ఇలా చెప్పారు:

"సెమీఫైనల్లో నన్ను పట్టుకున్నప్పుడు కాలు మడత పడింది. మోకాలు పటుక్కుమని నాకే వినిపించింది. గంటలో గుమ్మడికాయలా వాచింది. మా ఊరివాళ్లు ట్రాక్టర్ల మీద వచ్చి కూర్చున్నారు. దిగకపోతే భయపడ్డాడంటారని తువ్వాలు బిగించి కట్టుకుని ఫైనల్ ఆడాను. కప్పు గెలిచాం. ఆ కప్పు ఇప్పుడు ఎవరింట్లో ఉందో కూడా తెలియదు, సిస్టరమ్మా. చేను గట్టు మీద నడిస్తే మాత్రం ఈ మోకాలు ఇప్పటికీ జారిపోతుంది."

ఆడుతుండగా మోకాలిలో శబ్దం రావడం, కొద్ది గంటల్లోనే బాగా వాయడం, నడుస్తుంటే పట్టు తప్పడం – ఇవి లిగమెంటు తెగిందనడానికి గుర్తులు. ఎముకను ఎముకతో కట్టి ఉంచే గట్టి పట్టీని లిగమెంటు అంటాము. అది తెగిన మోకాలితో ఆట కొనసాగిస్తే లోపలి మెత్తటి గిన్నెలు కూడా చిరిగి, నడివయసులోనే కీలు అరిగిపోతుంది.

గాయమైన వెంటనే ఆపి, సరైన వైద్యం చేయించుకుని, ఓపికగా వ్యాయామం చేసినవారు తిరిగి ఆడగలరు. మన పుల్లెల గోపీచంద్ గారికి 1994లో మోకాలి లిగమెంటు దెబ్బతిన్నది. శస్త్రచికిత్సలు జరిగాయి. ఆయన 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. నిజామాబాదు బాక్సర్ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయంతో చాలాకాలం ఆటకు దూరమై, 2022లోను, 2023లోను ప్రపంచ విజేత అయ్యారు. మానుకోవడం వేరు, మానేవరకు ఆగడం వేరని వీరిని చూసి నేర్చుకోవచ్చు.

ఇక్కడ నాటు కట్టు గురించి ఒక మాట. ఎక్స్‌రే తీయించకుండా వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టించుకుని వచ్చేవారిని మేము చూస్తుంటాము. కట్టు కింద వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి తగ్గకపోగా పెరుగుతున్నా రక్తం అందడం లేదని అర్థం. ఆ కట్టును వెంటనే విప్పించాలి. ఆలస్యమైతే కాలో చెయ్యో తీసివేయవలసి రావచ్చు. ఆసుపత్రిలో వేసిన సిమెంటు కట్టుకు కూడా ఇదే హెచ్చరిక వర్తిస్తుంది.

2. వ్యాయామ ఉపాధ్యాయురాలు చెప్పిన మాట

ఈమె హైస్కూలు బాలికలకు వాలీబాల్ నేర్పుతారు. "ఆరో తరగతిలో ఇరవైమంది వస్తారు. తొమ్మిదికి వచ్చేసరికి ఐదుగురు మిగులుతారు. పెద్దమనిషి అయిందని ఇంట్లో మాన్పిస్తారు. మిగిలిన వారిలో కొందరు పది నిమిషాలకే ఆయాసపడి కూర్చుంటారు. మేము వాళ్లను బద్ధకస్తులు అనుకునేవాళ్లం. రక్తపరీక్ష చేయిస్తే తెలిసింది, వారిలో రక్తం తక్కువగా ఉందని," అన్నారు.

తల్లులకు మా మనవి: నెలసరి సమయంలో ఆడకూడదని వైద్యశాస్త్రం చెప్పదు. అమ్మాయికి ఓపిక ఉంటే ఆడవచ్చు, లేకపోతే ఆ రెండు రోజులు విశ్రాంతి తీసుకోవచ్చు. అది ఆమె ఇష్టానికి వదలండి. 12 ఏళ్లు దాటిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటాము. త్వరగా అలసిపోవడం, కళ్లు తిరగడం, మట్టి లేదా బియ్యం తినాలనిపించడం దాని గుర్తులు. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్ర పారవేయనివ్వకండి. తోటకూర, మునగాకు, గుడ్లు, బెల్లం కలిపిన వేరుశనగ ఉండలు పెట్టండి. అన్నంతో పాటు ఒక నిమ్మచెక్క పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ ఇవ్వవద్దు.

వాలీబాల్ గురించి మన సంఘస్థులకు తెలియవలసిన సంగతి ఒకటుంది. ఈ ఆటను 1895లో అమెరికాలోని హోలియోక్ పట్టణపు వై.ఎం.సి.ఎ.లో విలియం మోర్గాన్ అనే వ్యాయామ బోధకుడు రూపొందించాడు. బాస్కెట్‌బాల్ అంత వేగం తట్టుకోలేని పెద్ద వయసువారు కూడా ఆడగలిగే ఆట కావాలన్నది ఆయన ఉద్దేశం. కాబట్టి మన చర్చి ఆవరణలోని నెట్టు యువకులకు మాత్రమే కాదు. అక్కచెల్లెళ్లకు, పెద్దలకు కూడా వారంలో ఒక సాయంత్రం కేటాయించండి.

వెనుకబడినట్లు కనిపించే బిడ్డలను కూడా ఆట నుండి తొలగించకండి. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజిని మానసిక ఎదుగుదల లోపం కారణంగా చిన్నతనంలో కొందరు ఎగతాళి చేశారు. ఆమె 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం గెలిచింది.

3. పరుగు యువకుడు చెప్పిన మాట

పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు పరీక్ష ఉంటుందని మీకు తెలుసు. ఈ యువకుడు దానికోసం కాలువగట్టు రోడ్డు మీద తెల్లవారుజామున సాధన చేసేవాడు. "నోటిఫికేషన్ పడగానే ఒక్కసారిగా రోజుకు పది కిలోమీటర్లు మొదలుపెట్టాను. మూడో వారానికి ముంగాలి ఎముక మీద వేలు పెడితే ప్రాణం పోయేది. ఒక స్నేహితుడు నొప్పి సూది వేయించుకుని పరుగెత్తమన్నాడు. మా నాన్న వద్దన్నారు. ఆరు వారాలు ఆగాను. ఆ ఏడు ఉద్యోగం రాలేదు. తర్వాతి ఏడు పరుగు పాసయ్యాను."

ఎముక మీద ఒకేచోట నొప్పి, రాత్రి కూడా తగ్గకుండా ఉంటే అది సన్నని పగులు కావచ్చు. ఆగితే అతుకుతుంది. ఆగకపోతే పూర్తిగా విరుగుతుంది. దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. వారానికి ఒకరోజు విశ్రాంతి ఉండాలి. చీకట్లో పరుగెత్తేవారు తెల్ల చొక్కా వేసుకుని, ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా రోడ్డుకు కుడివైపున పరుగెత్తాలి. చెవుల్లో పాటలు వద్దు.

నొప్పి సూది వేయించుకుని ఆడటం చాలా ప్రమాదకరం. నొప్పి అనేది ఒంటికి దేవుడు పెట్టిన కాపలా. సూది ఆ కాపలాను నిద్రపుచ్చుతుంది, గాయం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మందులు మూత్రపిండాలను కూడా దెబ్బతీయగలవు.

4. నలభై దాటిన క్రికెటర్ చెప్పిన మాట

"ఏడాదంతా కొట్లో కూర్చుంటాను. పండక్కి బ్యాటు పడతాను. రెండో ఓవర్లో గుండె మీద బండ పెట్టినట్లయింది. గ్యాస్ అనుకుని సోడా తాగబోయాను. మా తమ్ముడు ఒప్పుకోలేదు, బండి ఎక్కించి తీసుకొచ్చాడు. అందుకే మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాను," అన్నారు ఆయన.

40 ఏళ్లు దాటి, చాలాకాలం తర్వాత ఆడదలచినవారు ముందుగా బీపీ, షుగరు చూపించుకోండి. నెలరోజుల ముందు నుండి నడక మొదలుపెట్టండి. ఆటలో ఛాతీ బరువు, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి, చల్లని చెమట, మామూలుకు మించిన ఆయాసం వస్తే వెంటనే ఆపి 108కి ఫోన్ చేయించండి.

మైదానంలో ప్రథమ చికిత్స

• బెణుకు, వాపు: ఆట ఆపాలి. ఐసును గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు పెట్టాలి. రెండు మూడు గంటలకొకసారి మళ్లీ పెట్టవచ్చు. క్రేప్ బ్యాండేజి మరీ బిగించకుండా చుట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. మొదటి రెండు మూడు రోజులు కాపడం, మర్దన వద్దు. అమృతాంజనం రాసి రుద్దడం కూడా మర్దనే. ఆ కాలి మీద నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి.

• తలకు దెబ్బ: స్పృహ క్షణం తప్పినా, తికమకగా మాట్లాడినా, కళ్లు తిరిగినా ఆ రోజు మళ్లీ ఆడనివ్వకూడదు. ఒంటరిగా వదలకూడదు. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, మూర్ఛ ఉంటే వెంటనే ఆసుపత్రికి తేవాలి.

• గీరుకున్న గాయాలు: కోసిన చేలో కొయ్యకాళ్లు గుచ్చుకోవడం మామూలే. ధారగా పడే నీటితో, సబ్బుతో బాగా కడగండి. కాఫీపొడి, సున్నం, పేడ పెట్టవద్దు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో చెప్పి, అవసరమైతే వేయించుకోండి.

• వడదెబ్బ: ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలి. 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

• కుప్పకూలి, పిలిచినా పలకక, సరిగా ఊపిరి తీసుకోకపోతే: ఒకరు 108కి ఫోన్ చేయాలి. మరొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఉంచి, 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100–120 సార్లు నొక్కుతూ సహాయం వచ్చేవరకు ఆపకూడదు.

పోటీలు జరిపే కమిటీలకు మనవి

1. బరిని ముందురోజే చూసి రాళ్లు, కొయ్యకాళ్లు, గాజుముక్కలు తీయించండి.

2. మధ్యాహ్నపు ఎండలో ఆటలు పెట్టకండి. మంచినీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఐసు డబ్బా సిద్ధంగా ఉంచండి.

3. ఆటకు ముందు 15–20 నిమిషాలు ఒళ్లు వేడెక్కించే వ్యాయామం తప్పనిసరి చేయండి. నార్వేలో ఫుట్‌బాల్ ఆడే 13–17 ఏళ్ల బాలికలపై జరిపి 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఇలాంటి క్రమబద్ధమైన వ్యాయామం చేసిన జట్లలో గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి.

4. గాయపడిన వారిని ఆపే అధికారం కెప్టెన్‌కు కాక, గెలుపుతో సంబంధం లేని ఒక పెద్దమనిషికి ఇవ్వండి. ఆయన మాటే చివరి మాట కావాలి.

5. గాయంతో బయటకు వచ్చిన ఆటగాడికి కూడా చప్పట్లు కొట్టండి. ఎగతాళి చేసే నోళ్లను పెద్దలు అదుపు చేయండి. ఆ కబడ్డీ ఆటగాడు తువ్వాలు కట్టుకుని దిగింది ఆ నోళ్లకు భయపడే.

యౌవనుల కూడికలో చర్చించుటకు

• అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో పరుగు పందెగాడిని ఉదాహరణగా చూపుతూ ఆశానిగ్రహాన్ని గురించి బోధించాడు. మైదానంలో మన నిగ్రహం ఎలా కనబడాలి?

• మన జట్టులో ఎవరైనా నొప్పి దాచుకుని ఆడుతున్నారా? ఎవరికి భయపడి?

• మన సంఘంలో ఆట మానేసిన అమ్మాయిలు ఎందరు? వారిని తిరిగి పిలవడానికి ఎవరు వెళతారు?

ప్రథమ చికిత్స నేర్చుకోదలచిన జట్లు, యూత్ నాయకులు మా నర్సింగ్ ఆఫీసులో తెలియజేస్తే, మీకు వీలైన సాయంత్రం బొమ్మ మీద ఛాతీ నొక్కడం, కట్టు కట్టడం నేర్పుతాము. ఈ పండుగ దినాలలో మీ బిడ్డలు సంతోషంగా ఆడి క్షేమంగా ఇల్లు చేరునట్లు ప్రార్థిస్తున్నాము. దేవుడు మిమ్మును దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్