కునుకులతో కొలిచే దారి

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే హైదరాబాద్‌లో ఏ ఆఫీసు క్యాంటీన్‌లోనైనా ఒక మాట వినిపిస్తుంది. "వైజాగ్ పదకొండు గంటల్లో కొట్టేశాం బాస్!" దాదాపు 620 కిలోమీటర్లు, మధ్యలో రెండు టీలు, ఒక టిఫిను. చెప్పేవాడి ముఖంలో పతకం గెలిచినంత వెలుగు. వెనక సీట్లో రెండేళ్ల పాప లేనంతవరకూ ఆ సరదాను ఎవరూ కాదనరు. పాప ఉంటే మాత్రం ఆ రికార్డు పిచ్చిని ఇంట్లో పెట్టి తాళం వేసి బయల్దేరండి. కారులో జరిగే గొడవలకు చాలాసార్లు పసివాళ్ల ఏడుపు సాకు మాత్రమే. 'ఈపాటికి సూర్యాపేట దాటాల్సింది, ఇంకా చౌటుప్పల్‌లోనే ఉన్నాం' అనే పెద్దవాళ్ల పంతమే అసలు కారణం.

అందుకే గొడవ వచ్చే అవకాశమున్న ప్రతి విషయం మీదా నిర్ణయం ఇంట్లోనే తీసేసుకోండి. రాత్రి భోజనాలయ్యాక, పాప పడుకున్నాక, ఫ్యాను కింద కూర్చుని. టోల్‌గేటు దగ్గర 43 డిగ్రీల ఎండలో, చెవి పక్కనే ఏడుపు మోగుతుంటే ఎంత తెలివైనవాళ్లకైనా మంచి ఆలోచన రాదు. అప్పుడు వచ్చేవన్నీ మాటకు మాటలే.

హైదరాబాద్ నుంచి విశాఖ మీదుగా అరకు వెళ్లే దారినే తీసుకుందాం. తెలుగువాళ్లు వేసవిలో ఎక్కువగా కలలు కనే దారి ఇది.

మొదట తేల్చుకోవలసింది, రోజుకు ఎంత దూరం అన్నది. మ్యాపు చూపించే గంటల్ని నమ్మకండి, మ్యాపు డైపర్లు మార్చదు. ఏడాది దాటిన పిల్లలకు రెండేళ్ల వరకూ పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. ఆ నిద్రను పాడుచేసుకుంటూ పోతే సాయంత్రానికి ఫలితం అనుభవిస్తారు. దాన్నే వాడుకుంటే సగం దూరం తెలియకుండానే తరిగిపోతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు, నిద్రలో ఉన్న పాపను అలాగే ఎత్తుకొచ్చి సీట్లో పడుకోబెట్టి బెల్టు బిగించండి. తను కళ్లు తెరిచేసరికి సూర్యాపేట దగ్గర్లో ఉంటారు. ఇడ్లీ పెట్టి, నీడ చూసి అరగంట పరుగెత్తనివ్వండి. పదిన్నర, పదకొండుకల్లా విజయవాడ. 275 కిలోమీటర్లు. వడగాలి మొదలయ్యేసరికి గదిలో ఉంటారు. హోటళ్లలో సాధారణంగా మధ్యాహ్నానికి గానీ గది ఇవ్వరు కాబట్టి, ముందుగానే వస్తామని బుక్ చేసేటప్పుడే మాట్లాడుకోండి. పాపతో రిసెప్షన్ సోఫాలో గంట కూర్చోవడం కన్నా సగం రోజు అద్దె అదనంగా కట్టడం చవక.

ఆ రోజుకు అక్కడితో సరి. "ఇంకా పొద్దుంది కదా, రాజమండ్రి దాకా లాగేద్దామా?" అని ఎవరో ఒకరు అంటారు, తప్పకుండా అంటారు. జవాబు ఫ్యాను కిందే ఇచ్చేశారు కాబట్టి చర్చ అక్కర్లేదు. సాయంత్రం కృష్ణ ఒడ్డున గాలికి తిప్పి, తొందరగా పడుకోబెట్టండి.

విజయవాడ నుంచి విశాఖకు మరో 350 కిలోమీటర్లు. ఒక్క రోజులో చేరొచ్చు, చేరేవాళ్లు చాలామంది. నా ఓటు మాత్రం రెండు రోజులకే. ఆ దారిలో ఆగదగ్గ చోట్లు అన్ని ఉన్నాయి. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రావులపాలెం దాటుతుంటే గౌతమి, గోదావరి రెండు పాయలనూ కారులోంచే చూపించొచ్చు. రావులపాలెం అంటే అరటిపళ్ల ఊరు. చక్కెరకేళీ కన్నా మంచి ప్రయాణపు తిండి పసివాళ్లకు లేదు: తొక్క దానికదే ప్యాకింగు, కడగక్కర్లేదు, గొంతుకు అడ్డం పడదు. తర్వాత కడియం నర్సరీలు. మొక్కల వరసల మధ్య రెండేళ్ల పిల్లకు ఏ థీమ్ పార్కూ ఇవ్వలేనంత పని దొరుకుతుంది. అన్నవరం దగ్గర సత్యదేవుని ప్రసాదం, ఆకులో పెట్టి ఇచ్చే ఆ గోధుమరవ్వ ప్రసాదం మెత్తగా ఉంటుంది, పాప కూడా తింటుంది. రాజమండ్రిలో రాత్రి ఆగితే ఇవన్నీ తీరిగ్గా కుదురుతాయి.

ఎండ ఏ వైపు నుంచి పడుతుందో కూడా చూసుకోండి. ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు. మే నెల పొద్దున హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే ఎండ ఎడమవైపు కిటికీల మీద పడుతుంది. విజయవాడ నుంచి విశాఖ వైపు సాగితే అదే పొద్దుటి ఎండ కుడివైపుకు మారుతుంది. పాప సీటును నీడ వైపు బిగిస్తే సగం చిరాకు తగ్గుతుంది.

ఇక సీటు. ఇళ్లల్లో యుద్ధాలు జరిగేది దీని దగ్గరే. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే భద్రమని మనకో గట్టి నమ్మకం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు దేన్నైనా గుద్ది ఆగిపోతే, 12 కిలోల పాప ఆ క్షణంలో రెండు క్వింటాళ్ల పైచిలుకు బరువుతో ముందుకు దూసుకుపోతుంది. ఏ తల్లి చేతులూ ఆపలేవు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా కూర్చోబెడితే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా సంగతి అలా ఉంచండి, రెండు క్వింటాళ్ల సంగతి గుర్తుపెట్టుకోండి. రెండేళ్లలోపు పిల్లలకు సీటు వెనక్కి తిరిగి ఉండేలా బిగించాలి, ఆ వయసులో మెడకు అంత బలం ఉండదు.

కొత్త సీటును బయల్దేరే రోజున డబ్బా విప్పి బిగించడం పెద్ద పొరపాటు. వారం ముందే తెచ్చి హాల్లో పెట్టండి. అందులో కూర్చోబెట్టి బొమ్మలివ్వండి, అన్నం పెట్టండి. తర్వాత కారులో పెట్టి కూరగాయల మార్కెట్ దాకా తిప్పి తీసుకురండి. బెల్టు కట్టగానే ఏదో మంచి జరుగుతుందని పాపకు తెలిసిపోతే పని సులువవుతుంది.

పాపకు అలవాటవుతుంది, నాయనమ్మకు అలవాటు కావడం కష్టం. "మా పిల్లలంతా మా ఒళ్లోనే పెరిగారమ్మా, ఏం కాలేదు" అంటుంది ఆవిడ. చట్టం గురించి ఉపన్యాసమిస్తే ఆవిడ అలుగుతుంది. "అత్తయ్యా, పాప పక్క సీటు మీదే. మీరు కథ చెప్తేనే తను కుదురుగా కూర్చుంటుంది. బెల్టు మాత్రం బండి ఆగాకే విప్పుదాం" అని చూడండి. కాదన్నచోటే ఒక పని కూడా అప్పగిస్తే కాదన్న మాట తక్కువ గుచ్చుకుంటుంది. ఆఫీసులోనూ ఇది పనిచేస్తుంది.

కాదనడం అన్నాం కాబట్టి చుట్టాల సంగతి కూడా. విజయవాడ నుంచి విశాఖ దాకా జాతీయ రహదారి మీద మనకు చుట్టాలు లేని ఊరుండదు. ఏలూరులో పెద్దమ్మ, తణుకులో బాబాయి, తునిలో అక్కావాళ్ల ఆడపడుచు. "మా ఊరి మీదుగా పోతూ ఇంటికి రాకుండా వెళ్తారా?" అన్న నిష్ఠూరానికి జడిసి అన్ని గడపలూ తొక్కారంటే విశాఖ చేరేసరికి పాపకు నిద్ర, తిండి రెండూ చెడతాయి. వెళ్లినచోటల్లా "ఒక్క లడ్డూ, ఏం కాదులే" అని నోట్లో పెడతారు, పడుకున్న పిల్లను లేపి ముద్దులాడతారు. ప్రేమే, ఎవరూ కాదనరు. కానీ ఆ రాత్రి రెండింటికి మేలుకుని ఉండేది మీరు. ఒక్క ఇల్లు ఎంచుకోండి. మిగతా వాళ్లకు బయల్దేరే ముందే ఫోన్ చేయండి: "పెద్దమ్మా, పాప ఎండకు తట్టుకోలేదు, ఈసారి ఆగం. తిరిగొచ్చేటప్పుడు ఒక రాత్రి మీ ఇంట్లోనే పడుకుంటాం." ముందే చెప్తే అది కబురు. దాటిపోయాక తెలిస్తే అవమానం. ఫోన్ చేసినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు నిజంగా ఆగాలి మరి!

డ్రైవింగ్ చేసేవాళ్లకు ఒక్కటే నియమం: వెనక ఏం జరిగినా తల తిప్పకూడదు. 90 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు వెనక్కి చూస్తే కారు 50 మీటర్లు గుడ్డిగా పరుగెత్తినట్టు. ఏడుపు సంగతి వెనక కూర్చున్నవాళ్లు చూసుకుంటారు. ఆగకపోతే రోడ్డు వారగా కాకుండా పెట్రోల్ బంకులోనో, దాబా ఆవరణలోనో ఆపండి. అమ్మానాన్నలిద్దరికీ డ్రైవింగ్ వస్తే రెండు గంటలకోసారి చోట్లు మారండి. వెనక డ్యూటీ ఎంత కష్టమో రెండోవాళ్లకు తెలియడానికి అంతకన్నా మంచి మార్గం లేదు.

తిండి విషయంలో కొత్త ప్రయోగాలొద్దు. ఇడ్లీ, చపాతీ, మరమరాలు, అరటిపండు చాలు. పెరుగన్నం పొద్దున తొమ్మిది లోపు తినిపించేయండి, ఆ తర్వాత ఆ ఎండకు పులుస్తుంది. కాచిన పాలను ఫ్లాస్కులో గంటల తరబడి మోయకండి, ఆ గోరువెచ్చదనమే క్రిములకు కావలసింది. అప్పటికప్పుడు విప్పే టెట్రా ప్యాక్ మేలు. వేయించిన పల్లీలు, శనగలు, పాప్‌కార్న్, గుండ్రటి ద్రాక్షపళ్లు కదిలే కారులో వద్దే వద్దు, గొంతుకు అడ్డం పడేవి అవే. తాటిముంజలు దొరికితే మెత్తటివి చూసి, చిన్నచిన్న ముక్కలు చేసి పెట్టండి.

ఓఆర్‌ఎస్ పొట్లాలు మందుల షాపులో కొని ఇంటినుంచే పట్టుకెళ్లండి. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి పానీయాలను ఓఆర్‌ఎస్ అనుకుని ఏళ్ల తరబడి పిల్లలకు తాగించాం. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద పట్టు వదలకుండా పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. లీటరు పొట్లమైతే లీటరు నీళ్లు కొలిచి, మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుకు చిటికెడు అన్న అంచనా లెక్క పనికిరాదు. కలిపినది 24 గంటల తర్వాత పారబోయాలి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో పది నిమిషాల్లోనే వేడి మరో పది డిగ్రీలు ఎక్కుతుంది. అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. పెద్దవాళ్లకన్నా పసివాళ్ల ఒళ్లు చాలా వేగంగా వేడెక్కుతుంది. "నీళ్ల బాటిల్ కొని రెండు నిమిషాల్లో వచ్చేస్తా, పడుకుంది కదా" అన్న మాట ఎవరి నోటా రాకూడదు. పడుకుంటే ఎత్తుకుని దిగండి, లేదా ఒకరు ఏసీ వేసి కారులోనే ఉండండి. కారు ఎండలో ఆపినప్పుడు సీటు మీద తెల్ల తువ్వాలు కప్పండి. బెల్టు బకిల్ కాలిపోతూ ఉంటుంది, పాపను కూర్చోబెట్టేముందు మీ చేత్తో పట్టి చూడండి.

విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లే. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది, అక్కడ వేగం గురించి ఆలోచించకండి. రెండేళ్లలోపు పిల్లలకు ప్రయాణంలో వాంతులు అరుదు, ఆ తర్వాతే ఈ బాధ మొదలవుతుంది. శరీరం మెలికలు తిరుగుతోందని లోపలి చెవి చెబుతుంది, ఫోన్ చూస్తున్న కన్ను లేదంటుంది. ఆ తగువే కడుపులో తిప్పడం. కాబట్టి కార్టూన్లు మైదానంలో చూడనివ్వండి, చివరి గంటకు దాచుకుంటే ఇంకా మంచిది. ఘాట్ మీద మాత్రం ఫోన్ లోపల పెట్టి కోతుల్ని, చెట్లని చూపించండి. కడుపు నిండా పెట్టి ఎక్కించకండి, మాడ్చకండి కూడా. వాంతుల మందు డాక్టర్‌ని అడగకుండా వేయొద్దు.

అసలు అరకుకు కారు తప్పనిసరి కాదు. విశాఖలో కారు నిలిపి కిరండూల్ రైలెక్కితే సొరంగాల్లోకి దూరినప్పుడల్లా పాప కేరింతలే. అద్దాల విస్టాడోమ్ బోగీ సీట్లు త్వరగా నిండిపోతాయి, ముందే బుక్ చేసుకోవాలి. కారులో వచ్చాం కాబట్టి కారులోనే పోవాలనడం కూడా పంతమే. బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, లోపల ఉక్క. పాపను చంకనేసుకుని దిగి ఎక్కే ఓపిక లేకపోతే వంతులేసుకోండి: ఒకరు లోపలికి, ఒకరు బయట.

బయల్దేరే ముందు రోజు టైర్లలో గాలి చూపించండి. అరిగిన టైర్లు వేసవి రోడ్డుకు ఆగవు. ఫాస్టాగ్‌లో డబ్బులుండాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033, అంబులెన్సుకు 108 నంబర్లు ఫోన్‌లో పెట్టుకోండి.

ఇక తిరుగు ప్రయాణం. ప్లానులో దీనికి సగం శ్రద్ధ కూడా పెట్టరు. అలసట, అయిపోయిన డైపర్లు, ఇల్లు గుర్తొచ్చిన పాప, పైగా పెద్దమ్మకు ఇచ్చిన మాట. ఆదివారం రాత్రి ఇల్లు చేరి సోమవారం పొద్దున ఆఫీసుకు పరుగెత్తేలా లెక్కవేశారంటే, ఆ ఒక్క గడువు కోసం చివరి 275 కిలోమీటర్లూ ఎండలోనే నడపాల్సి వస్తుంది. శనివారం మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉండేలా చూసుకోండి. సెలవులు చాలకపోతే ఆ ఖాళీ ఆదివారాన్ని తీసేయకండి, అరకులో ఒక రోజు తగ్గించండి.