కోపం సంగతి కూడా రాయమ్మా

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నా బల్ల మీంచి కదలడం లేదు. ఒక చెల్లాయి రాసింది. వాళ్ల నాన్నగారి సంవత్సరీకం దగ్గరపడుతోందట. భోజనాలకు వచ్చినవాళ్ల చేతిలో స్టీలు గిన్నె పెట్టే బదులు, ఆయన జీవితం మీద చిన్న పుస్తకం వేయించి పంచుదామని ఆ అమ్మాయి ఆలోచన. అన్నయ్యలు డబ్బు పెట్టుకుంటామన్నారు గానీ ఒక మెలిక పెట్టారు. "మంచి మాత్రమే రాయి. ఆయన కోపం సంగతి ఎత్తకు" అని. ఏం చెయ్యమంటావక్కా అంటోంది.

ఎత్తమ్మా. మొహమాటపడకుండా ఎత్తు. కోపం తీసేసి రాస్తే అది సన్మానపత్రం అవుతుంది. పేరు మార్చుకుంటే ఊళ్లో రిటైరైన ఏ పెద్దమనిషికైనా సరిపోతుంది.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా నాన్న స్టేషన్ మాస్టరు. నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య నల్లమల అడవిలోంచి పోయే లైను అప్పట్లో మీటర్ గేజి. గాజులపల్లె, చలమ, దిగువమెట్ట... ఈ పేర్లు మా ఇంట్లో మేనత్తల పేర్లంత మామూలుగా వినపడేవి. 1880లలో తెల్లవాళ్లు కట్టిన దొరబావి వంతెన మీదికి బండి రాగానే అమ్మ మా కళ్లు మూసేది. వేళ్ల సందుల్లోంచి మేం చూసేవాళ్లమనుకోండి. 1990లలో బ్రాడ్ గేజి వచ్చాక దారే మారిపోయింది.

అడవిలో బడి ఉండదు కదా, చదువులకని మమ్మల్ని నంద్యాలలో అమ్మమ్మ దగ్గర ఉంచారు. సెలవులిస్తే నాన్న దగ్గరికి వెళ్లేవాళ్లం. ఆయనకు పన్నెండు గంటల డ్యూటీ. పండగొచ్చినా బండి ఆగదు, నాన్న రాడు. వచ్చిన రోజున పిడుగు పడ్డట్టే. తాళంచెవి కొక్కేనికి లేదేం? లాంతరు గ్లాసు తుడవలేదేం? పెన్ను మూత ఏది? తీసిన వస్తువు తీసినచోట లేకపోతే ఇల్లెగిరిపోయేది. మా చెల్లెలికి ఇప్పటికీ ఎవరైనా గట్టిగా పిలిస్తే గుండె దడదడలాడుతుంది. అది నిజం, రాసి తీరాలి.

అదే మనిషి తాతయ్యయ్యాక ఏం చేశాడో వినండి. ముందు ఆయన డ్యూటీ సంగతి కొంచెం చెప్పాలి. అప్పట్లో ఒకే పట్టాల మీద అటు బండ్లూ ఇటు బండ్లూ నడవాలంటే టోకెన్ ఉండాల్సిందే. అవతలి స్టేషన్‌కు గంట కొట్టి, ఫోన్లో లైన్ క్లియర్ అడగాలి. వాళ్లు సరేనంటేనే ఇక్కడి మిషన్లోంచి ఇనప బంతి ఒకటి బయటికొస్తుంది. దాన్ని తోలుసంచిలో పెట్టి, పెద్ద పేము రింగుకు కట్టి డ్రైవర్‌కు అందించాలి. బంతి చేతికందనిదే ఇంజను స్టేషన్ దాటకూడదు. అవతలి స్టేషన్‌లో ఆ బంతిని అక్కడి మిషన్లో వేసేదాకా ఇంకో బంతి రాదు, మధ్యలోకి ఇంకో బండీ రాదు. ఆగని బండి అయితే పోర్టరు ప్లాట్‌ఫారం అంచున రింగు పైకెత్తి పట్టుకునేవాడు, ఇంజన్లో ఉన్నవాడు చెయ్యి చాపి భుజానికి తగిలించుకుపోయేవాడు, తను తెచ్చిన పాత రింగు కింద పడేసేవాడు.

దీన్నే ఆటగా చేసి మా పిల్లలకు నేర్పాడాయన. పాత సైకిలు టైరుకు గుడ్డసంచి కట్టి, అందులో నిమ్మకాయ వేసేవాడు. వసారా ఒక స్టేషన్, పెరట్లో బావిగట్టు ఇంకో స్టేషన్. నిమ్మకాయ లేకుండా ఏ బండీ వంటింట్లోకి రాకూడదు. పాలగ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మా అమ్మకు కూడా లైన్ క్లియర్ దొరికేది కాదు. మనవడు నిమ్మకాయ నూతిలో పడేస్తే నవ్వి ఇంకోటి కోసుకొచ్చాడు. అదే నేను చిన్నప్పుడు తాళంచెవి పోగొట్టి ఉంటే? చూస్తూ నిలబడ్డ నాకు ముచ్చటా వేసింది, ఒళ్లూ మండింది. ఈ మనిషి మాకెందుకు దొరకలేదు?

నాన్న పెద్దకర్మ నాడు, ఆయన దగ్గర పనిచేసిన, పట్టాలు మళ్లించే పాయింట్స్‌మన్ వచ్చాడు. భోజనాలయ్యాక అరుగు మీద కూచుని ఒక రాత్రి సంగతి చెప్పాడు. కుండపోత వాన. వానాకాలంలో రాత్రిళ్లు లాంతరు పట్టుకుని పట్టాల వెంట నడుస్తూ చూసుకొచ్చే పెట్రోల్‌మన్ రావలసిన వేళకు రాలేదు. స్టేషన్లో గూడ్సు బండి సిద్ధంగా ఉంది. పంపమని ఫోన్లో పైవాళ్ల గద్దింపులు. నాన్న పంపలేదు. మనిషి వచ్చి చెప్పేదాకా బంతి ఇవ్వనని రిసీవర్ పెట్టేశాడట. తెల్లారగట్ల తెలిసింది, కట్ట కింద మట్టి కొట్టుకుపోతే పెట్రోల్‌మన్ ఎర్రలాంతరుతో అక్కడే కాపలా కూచున్నాడు. పాయింట్స్‌మన్ కాస్త ఉప్పూకారం కలిపే ఉంటాడు, వాన కూడా చెప్పే కొద్దీ పెరిగింది. అయినా ఈ సంగతి నాన్న నోట ఏనాడూ రాలేదు. అమ్మకు కూడా తెలియదు. తాళంచెవి కొక్కేనికి లేకపోతే ఆ మనిషి ఎందుకు అంతలా అదిరిపోయేవాడో నాకు కొంచెం అర్థమైంది. అలాగని చెల్లెలి గుండెదడ తగ్గిందా అంటే, లేదు.

కాబట్టి చెల్లాయ్, మీ నాన్నగారితో ఆఫీసులోనో పొలంలోనో పనిచేసినవాళ్లు ఎవరున్నారో ముందు వాకబు చెయ్యి. పెద్దవాళ్లు, రేపు మాపు అనకు. ఫోన్లో రికార్డరు నొక్కి పక్కన పెట్టు. "ఆయన ఎలాంటివారు?" అని అడిగితే "దేవుడమ్మా" అని ఊరుకుంటారు. "మొదటి జీతమెంత? మధ్యాహ్నం క్యారేజీలో ఏం తెచ్చుకునేవారు? ఎవరితో పడేది కాదు?" అని అడుగు, మాటలు వాటంతటవే వస్తాయి. పాత ఫొటోల వెనక పేర్లు పెన్నుతో రాయకు, సిరా ముందువైపుకు ఊరుతుంది. మెత్తటి పెన్సిల్ చాలు. అమెరికాలో మనవలుంటే వాళ్లకు తిథులు గుర్తుండవు, వాళ్లకోసం ఇంగ్లీషు తేదీ కూడా వెయ్యి. తాతయ్య గురించి వాళ్ల చేత కూడా రాయించు. వాళ్లు రాసిచ్చింది వాళ్ల మాటల్లోనే ఉంచు, తెలుగు తప్పులు దిద్దకు. నీ నాన్నకీ వాళ్ల తాతయ్యకీ పోలిక కుదరకపోతే కుదరనీ. రెండూ పక్కపక్కన అచ్చు వేయించు.

ఇక అన్నయ్యల సంగతి. వాళ్లతో వాదనకు దిగకు. రాసిన కాగితాలు ముందు మీ అమ్మగారికి చదివి వినిపించు. కోపం గురించి నువ్వు రాసింది తక్కువే అంటుందావిడ, చూస్తూ ఉండు.