శ్రద్ధ - నమ్మిక - మొక్కుబడి : మూడు పదాల అర్థపరిణామంలో జనజీవన దర్శనం

మతవిశ్వాసానికి మానవజీవితంలో గల స్థానాన్ని గురించి సాధారణంగా రెండు విధాలైన అభిప్రాయాలు వినవస్తాయి. విశ్వాసమే జీవనాధారమనేది ఒకటి. అది విచారానికి శత్రువనేది మరొకటి. ఈ రెండూ విశ్వాసమంటే ఒక వాక్యాన్ని ప్రశ్నించకుండా అంగీకరించడమేనని ముందుగానే భావించడం గమనార్హం. సంస్కృతాంధ్ర భాషలలో ఈ భావాన్ని తెలిపే పదాల చరిత్ర మాత్రం మరొక విషయాన్ని సూచిస్తున్నది. శ్రద్ధ, నమ్మిక, మొక్కుబడి అనే మూడు పదాల ద్వారా ఆ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

శ్రద్ధా శబ్దం - వైదిక నేపథ్యం

శ్రద్ధా శబ్దంలో 'శ్రత్' అనే పూర్వపదం, ధారణార్థకమైన 'ధా' ధాతువు ఉన్నాయి. నిఘంటువు మూడవ అధ్యాయం 'శ్రత్' పదాన్ని సత్యనామాలలో పఠించింది. ఆ మార్గంలో శ్రద్ధ అంటే సత్యాన్ని నిలుపుకోవడం. ఆధునిక భాషాశాస్త్రజ్ఞులు లాటిన్‌లోని 'క్రేదో' అనే క్రియను దీనికి సజాతీయంగా గుర్తించి, హృదయాన్ని ఒకచోట ఉంచడం అనే మూలార్థాన్ని ఊహించారు. వ్యుత్పత్తి ఏదైనా, రెండింటిలోనూ 'ఉంచడం' అనే క్రియ ఉన్నది. శ్రద్ధ కేవలం అభిప్రాయం కాదు, ఒక పని అని దీనివల్ల తెలుస్తున్నది.

ఋగ్వేదం దశమ మండలంలోని 151వ సూక్తానికి శ్రద్ధయే దేవత. ఋషిక శ్రద్ధా కామాయని. అయిదు మంత్రాలు గల ఈ చిన్న సూక్తంలో అగ్నిని ప్రజ్వలింపజేయడం, హవిస్సును సమర్పించడం, దానమివ్వడం వంటి కర్మలతో శ్రద్ధకు గల సంబంధమే ప్రధానం. ప్రాతఃకాలంలో, మధ్యాహ్నంలో, సూర్యాస్తమయంలో శ్రద్ధను ఆహ్వానించడం కనిపిస్తుంది. ఒకసారి అంగీకరించి వదిలివేయదగినదైతే దానిని దినానికి మూడుమార్లు పిలువవలసిన అవసరం ఉండదు. అది నిత్యం నిలుపుకోవలసినది.

ప్రశ్నకు మూలమైన శ్రద్ధ

కఠోపనిషత్తులోని నచికేతుని కథ ఈ విషయంలో కీలకమైనది. తండ్రి యాగం చేసి దక్షిణలుగా గోవులను ఇస్తున్నాడు. అవి నీరు త్రాగడం, గడ్డి మేయడం, పాలివ్వడం ముగించుకున్న వట్టిపోయిన ఆవులు. ఆ సమయంలో బాలుడైన నచికేతునిలో శ్రద్ధ ప్రవేశించినదని ఉపనిషత్తు చెబుతున్నది. శంకర భగవత్పాదులు దీనిని ఆస్తిక్యబుద్ధిగా వ్యాఖ్యానించారు. అయితే ఆ ఆస్తిక్యబుద్ధి నచికేతుని మౌనంగా కూర్చుండబెట్టలేదు. తన్ను ఎవరికిస్తావని తండ్రిని మూడుసార్లు అడిగించింది. చివరకు యముని ముందు నిలిపి, మరణానంతరం ఆత్మ ఉన్నదా లేదా అని ప్రశ్నింపజేసింది. యాగం సత్యమని నమ్మినవానికే ఆ యాగంలోని లోపం బాధ కలిగిస్తుంది. నమ్మనివాడు ఆవులను చూడడు. తంతుగా భావించేవాడు చూచినా పట్టించుకోడు.

ఛాందోగ్యం సప్తమాధ్యాయంలో సనత్కుమారుడు నారదునికి చేసిన ఉపదేశం కూడా ఈ అభిప్రాయాన్నే బలపరుస్తున్నది. అక్కడ విజ్ఞానానికి మననం, మననానికి శ్రద్ధ, శ్రద్ధకు నిష్ఠ, నిష్ఠకు కృతి ఆధారాలుగా వరుసగా చెప్పబడినాయి. శ్రద్ధ గలవాడే మననం చేయగలడని ఆ క్రమం తాత్పర్యం. అంటే శ్రద్ధ ఆలోచనకు ప్రత్యామ్నాయం కాదు, ఆలోచనకు ఆధారం.

శాస్త్రవిధి - శ్రద్ధ

భగవద్గీత పదునేడవ అధ్యాయం అర్జునుని ప్రశ్నతో ఆరంభమవుతుంది. శాస్త్రవిధిని విడిచినప్పటికీ శ్రద్ధతో అర్చించేవారి స్థితి ఏమిటని అతని సందేహం. కృష్ణుడు శ్రద్ధను సాత్త్విక, రాజస, తామసాలుగా విభజించి సమాధానమిచ్చాడు.

తెలుగు శైవసాహిత్యం ఇదే సందేహాన్ని కథారూపంలో పరిశీలించింది. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో బెజ్జమహాదేవి శివునికి తల్లి లేదని జాలిపడి, తానే తల్లియై ఆయనకు శిశూపచారాలు చేసింది. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో తిన్నడు మాంసాన్ని నివేదించి, చివరకు కన్నునే అర్పించాడు. వీరిని ముగ్ధభక్తులన్నారు. వీరికి శాస్త్రం తెలియదు. కాని ఎదుటనున్న దైవానికి ఏమి కొరవడినదో కనిపెట్టి చూచే దృష్టి ఉన్నది. శ్రద్ధ అంటే కనిపెట్టి చూచుకోవడమనే అర్థం ఈ కథలలో ప్రత్యక్షమవుతుంది.

తెలుగు వాడుక సాక్ష్యం

తెలుగు వ్యవహారంలో శ్రద్ధా శబ్దం సరిగా ఈ దిశలోనే స్థిరపడినది. 'శ్రద్ధగా చదువు', 'పైరును శ్రద్ధగా చూచుకున్నాడు' అనే వాక్యాలలో దానికి అవధానం, జాగ్రత్త అని అర్థం. అశ్రద్ధ అంటే అవిశ్వాసం కాదు, నిర్లక్ష్యం. జ్వరాన్ని అశ్రద్ధ చేయరాదని ఇంటి పెద్దలు హెచ్చరిస్తారు. మతసంబంధమైన పదం నిత్యజీవితంలోని అన్ని పనులకూ వ్యాపించినా, దాని గౌరవం తగ్గలేదు.

నమ్మకాన్ని తెలపడానికి తెలుగువారు దేశ్యమైన 'నమ్ము' ధాతువును నిలుపుకున్నారు. తమిళ, కన్నడ, మలయాళాలలోని 'నంబు' దీనికి సజాతీయం. 'దేవుణ్ణి నమ్ముకున్నాను' అన్న నోటితోనే రైతు 'భూమిని నమ్ముకున్నాను' అంటాడు. ఇక్కడ భూమి ఉన్నదా లేదా అనే వాదం లేదు. బ్రతుకు భారాన్ని దానిపై మోపినాడని మాత్రమే అర్థం.

ఈ రెండు పదాల మధ్య విభజన ఎంత స్పష్టమైనదో పొరుగు భాషతో పోల్చినప్పుడు తెలుస్తుంది. మరాఠీలో గుడ్డినమ్మకాన్ని 'అంధశ్రద్ధ' అంటారు. 1989లో ఏర్పడిన మహారాష్ట్ర అంధశ్రద్ధా నిర్మూలన సమితి పేరులోనే ఆ పదమున్నది. తెలుగులో 'మూఢనమ్మకం', 'మూఢవిశ్వాసం' అంటారు. మూఢశ్రద్ధ అనే సమాసం వాడుకలో నిలువలేదు. శ్రద్ధకు జాగ్రత్త అనే అర్థం స్థిరపడిన భాషలో దానికి మూఢత్వం అతకదు.

మొక్కు నుండి మొక్కుబడికి

జనజీవనంలో విశ్వాసం పనిచేసే విధానానికి మొక్కు మంచి ఉదాహరణ. బిడ్డకు జబ్బు చేసినప్పుడు తల్లి పసుపుగుడ్డలో నాణెం కట్టి ముడుపుగా దాచుతుంది. తిరుమలలో తలనీలాల సమర్పణ, రెండేండ్లకొకసారి జరిగే మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరలో 'బంగారం' పేర బెల్లాన్ని సమర్పించడం ఈ కోవకు చెందినవే. మొక్కుకున్నవారికి భవిష్యత్తులో నెరవేర్చవలసిన కర్తవ్యం ఒకటి ఏర్పడుతుంది. ఏమీ చేయలేని ఆపత్సమయంలో చేయదగినది ఒకటి లభిస్తుంది. కుటుంబమంతా ఆ మాటను గుర్తుంచుకొని కలిసి ప్రయాణం కడుతుంది. ఇది వైద్యానికి బదులు కాదు. రోగిని కనిపెట్టుకొని ఉండేవారికి ఓర్పునిచ్చే ఆధారం.

అయితే అదే మొక్కు చెల్లింపును తెలిపే 'మొక్కుబడి' శబ్దం నేడు ఎక్కువగా మరొక అర్థంలో వినవస్తున్నది. మనసు పెట్టకుండా చేసిన పనిని 'మొక్కుబడిగా చేశాడు' అంటారు. 'తూతూమంత్రం' అనే మాటకూ ఇదే గతి పట్టినది. చిత్తం శివుని మీద, భక్తి చెప్పుల మీద అనే సామెత కూడా ఈ తీర్పునే ప్రకటిస్తున్నది. ఈ మాటలను రూపొందించినది మతవిరోధులు కారు, మొక్కులు చెల్లించే జనమే. శ్రద్ధ లోపించిన ఆచారాన్ని గుర్తించి, దానికి పేరుపెట్టి, నిత్యవ్యవహారంలో అపహసించే శక్తి విశ్వాసుల భాషలోనే ఉన్నది.

ఆక్షేపం - సమాధానం

మనసు పెట్టి చేసినంత మాత్రాన పని మంచిదవుతుందా అని ఇక్కడ ఆక్షేపం కలుగవచ్చు. చేతబడి నెపంతో తోటి మనిషిని హింసించేవారు కూడా గాఢమైన నమ్మకంతోనే ఆ పని చేస్తారు. గీత ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించినది. ఆత్మపీడతో గాని, పరుల వినాశం కోరి గాని చేసే తపస్సును తామసమని చెప్పి, దానికి కారణం మూఢగ్రాహమన్నది. గ్రాహమంటే పట్టు. విడువని పట్టు, కనిపెట్టి చూచే దృష్టి ఒకటి కావు. హింసకు గురైనవాని ముఖాన్ని చూడనీయనిది పట్టు. వట్టిపోయిన ఆవును చూడగలిగినది శ్రద్ధ.

కావున విశ్వాసాన్ని సమర్థించేవారు, విమర్శించేవారు ఇరువురూ ఈ భేదాన్ని పాటించడం అవసరం. భేదం మరచినచో సమర్థకుడు మూఢగ్రాహాన్ని కూడా శ్రద్ధ పేర కాపాడుతాడు. విమర్శకుడు తల్లి కట్టిన ముడుపును కూడా మూఢత్వం పేర తిరస్కరిస్తాడు. ప్రాచ్యకళాశాలల తరగతులలో శ్రద్ధా శబ్దానికి 'విశ్వాసము' అని ఒక్క పర్యాయపదం చెప్పి ముగించడం చాలదు. నచికేతుడు చూచిన ఆవులను కూడా విద్యార్థికి చూపినప్పుడే ఆ పదానికి సంపూర్ణమైన అర్థం చెప్పినట్లవుతుంది.