స్టెమ్ సెల్ పరిశోధనకు నీట్ ర్యాంకు అక్కర్లేదు

కోల్‌కతాలోని గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. వాల్తేరు డివిజన్ 2003 దాకా ఈ రైల్వేలోదే. అలా ఇక్కడికి వచ్చి ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు తల్లిదండ్రులు ఈమధ్య ఒకే మాట అడుగుతున్నారు: "నీట్‌లో సీటు రాలేదు. లాంగ్ టర్మ్ పెట్టించాలా, స్టెమ్ సెల్ సర్టిఫికెట్ కోర్సులో చేర్చాలా?" రెండూ వద్దంటాను.

ఉదాహరణకు, దెబ్బతిన్న కండరాన్ని బాగుచేసేవి శాటిలైట్ కణాలనే మూలకణాలు (స్టెమ్ సెల్స్). కండర పోగు అంచున నిద్రాణంగా ఉండి, గాయం కాగానే లేచి, విభజన చెంది, కలిసిపోయి కొత్త పోగులవుతాయి. కొన్ని మాత్రం రేపటి గాయం కోసం మళ్లీ విశ్రాంతిలోకి వెళ్తాయి. వీటిని 1961లో గుర్తించిన అలెగ్జాండర్ మౌరో జీవభౌతిక శాస్త్రవేత్త. అవి నిద్రలో ఎలా ఉంటాయో, ఎలా మేలుకుంటాయో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఏళ్ల తరబడి పరిశోధించిన జ్యోత్స్న ధవన్ కూడా శాస్త్రవేత్తే. ఎంబీబీఎస్ లేకుండా ఈ రంగంలోకి రాలేమన్నది వట్టి అపోహ.

సర్టిఫికెట్ కోర్సుల వ్యాపారం ఇంకా ప్రమాదకరం. డుషేన్ కండర క్షీణత ఉన్న పిల్లలకు కండర కణాలు ఎక్కించే ప్రయత్నాలు 1990లలోనే జరిగాయి. ఎక్కించినవాటిలో చాలావరకు త్వరగా చనిపోయాయి. బతికినవి సూది గుచ్చిన చోటు దాటి పెద్దగా వెళ్లలేదు. ఆశించిన బలం రాలేదు. ఆ చిక్కుముడి ఇంకా పూర్తిగా వీడలేదు. రక్త వ్యాధుల వంటి ఆమోదించిన జబ్బులకు చేసే రక్త మూలకణాల మార్పిడి తప్ప మరే స్టెమ్ సెల్ చికిత్సా ప్రామాణికం కాదని, క్లినికల్ ట్రయల్ బయట చేయడం అనైతికమని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మరి ఆర్నెల్ల సర్టిఫికెట్ చూపి క్లినిక్‌లో ఉద్యోగమిస్తామనేవాళ్లు మీ బిడ్డ చేత ఏం చేయిస్తారు? లక్షలు కట్టేముందు ఆలోచించండి.

నాకు నచ్చిన దారి ప్రభుత్వ సంస్థల్లో మూల విజ్ఞానం. ఇంటర్ సైన్సు తర్వాత ఐసర్‌ల ప్రవేశ పరీక్ష ఐఏటీ రాసి కోల్‌కతా, తిరుపతి ఐసర్‌లకు వెళ్లవచ్చు. ఆ పరీక్షలో లెక్కలూ ఉంటాయి, బైపీసీ పిల్లలు చూసుకోవాలి. మంచి కాలేజీలో బీఎస్సీ చదివి, గ్యాట్-బీ ప్రవేశ పరీక్షతో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చేసినా తక్కువేం కాదు. ఆపై పీహెచ్‌డీకి నెట్ జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు. పీహెచ్‌డీ ముగిసేసరికి ముప్పై దగ్గరపడుతుంది, ఓపిక కావాలి. ఆ ఓపిక తల్లిదండ్రులకూ ఉండాలి. పక్కింటి పిల్లాడి జీతంతో పోల్చి వేధిస్తే ఏ పరిశోధనా సాగదు.

లాంగ్ టర్మ్ ఫీజు కట్టేముందు మీ అమ్మాయినో అబ్బాయినో కూర్చోబెట్టి, ల్యాబ్‌లో పని ఇష్టమా అని అడగండి. కాదంటే, ఆ మాటనూ గౌరవించండి.