మా కొట్లో నడిచే ప్రోగ్రాం బావగారి కొట్లో ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో మాకు కమీషన్ కొట్టు ఉంది. టిక్కీల తూకం, కమీషన్, హమాలీ ఖర్చు లెక్కగట్టే ప్రోగ్రాం పైథాన్‌లో రాసుకున్నాను. పెన్‌డ్రైవ్‌లో వేసి చిలకలూరిపేటలో మా బావగారికిస్తే 'మాడ్యూల్ దొరకలేదు' అంటోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరిచ్చింది మీరు రాసిన కోడ్ ఒక్కటే. దానికి కావలసిన లైబ్రరీలు, అంటే ఎక్సెల్ ఫైళ్లు చదివే ఓపెన్‌పైఎక్స్‌ఎల్ లాంటివి, ఎప్పుడో పిప్‌తో ఎక్కించుకుని మరిచిపోయి ఉంటారు. బావగారి కంప్యూటర్లో అవి లేవు.

ముందు ఖాళీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ప్రోగ్రాం నడపండి. ఏమేం లేవో ఒక్కొక్కటిగా అదే చెబుతుంది. ఆ పేర్లను, ప్రోగ్రాం పేరు, వెర్షన్ నంబరుతో సహా 'పైప్రాజెక్ట్.టామ్ల్' ఫైల్లో రాసి 'బిల్డ్' నడిపితే వీల్ ఫైలు వస్తుంది. దాన్ని పిప్‌తో ఎక్కిస్తే మిగతావన్నీ నెట్ నుంచి అదే తెచ్చుకుంటుంది. అక్కడ నెట్ లేదా? 'పిప్ డౌన్‌లోడ్'తో అన్నీ ఒక ఫోల్డర్లోకి దించి పట్టుకెళ్లండి. రెండు చోట్లా పైథాన్ వెర్షన్, విండోస్ ఒకే రకానివై ఉండాలి.

కమీషన్ శాతం ఒక్కటి మార్చినా వెర్షన్ నంబరు పెంచాల్సిందే. లేదంటే సీజన్ మధ్యలో ఏ కొట్లో ఏ లెక్క నడుస్తోందో తేల్చలేరు. పైథాన్ లైబ్రరీలుండే బహిరంగ భాండారం పైపీఐలో పెట్టమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి, అక్కడ పెట్టింది లోకమంతా చూస్తుంది. వీల్ అంటే జిప్ ఫైలే. ఓసారి తెరిచి, రైతుల బాకీల ఫైలు అందులో దూరలేదు కదా అని చూసుకోండి.

గుమాస్తాకు పైథాన్ గొడవ వద్దనుకుంటే, పైథాన్‌తో సహా అన్నీ కలిపి నేరుగా నడిచే ప్రోగ్రాంగా కట్టే పైఇన్‌స్టాలర్ ఉంది. విండోస్ కోసమైతే విండోస్‌లోనే తయారుచేయాలి.

పిప్ కంపైలర్ అడుగుతూ ఆగిపోయినా, రెండు కొట్లూ ఒకే ఖాతాలో ఒకేసారి రాయాల్సి వచ్చినా సొంతంగా తంటాలు పడకండి. అనుభవమున్న ప్రోగ్రామర్‌ను కొట్టుకే పిలిపించి చూపించండి.