కాదంటే, కారణం రాసిమ్మనండి

చిరంజీవి అమ్మాయికి, యానాం నుంచి పెదనాన్న ఆశీస్సులు.

పుదుచ్చేరి ముత్యాల్‌పేటలో కట్టుబడి పనికి వచ్చిన మన తెలుగు దంపతుల కూతుర్ని బడిలో చేర్చుకోలేదని రాశావు. పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదు, పాత బడి టీసీ రాలేదు, నవంబరు కూడా దాటింది. బడివాళ్లు చెప్పిన ఈ మూడు సాకులూ 2009 విద్యాహక్కు చట్టం ముందు నిలవవు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని వయసు రుజువు లేదని తిప్పి పంపకూడదని 14వ సెక్షన్ అంటోంది. టీసీ ఆలస్యమైందన్న వంక 5వ సెక్షన్ ముందు చెల్లదు. గడువు దాటి వచ్చినా చేర్చుకోవాలన్నది 15వ సెక్షన్. ఎనిమిదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడతామన్నా కుదరదు. 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చి, తోటివాళ్లను అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. తమిళం రాని ఈ పిల్లకు అది మరీ అవసరం.

ఈ హక్కు ఊరికే రాలేదు. డొనేషన్ కాలేజీల గొడవ మీద నడిచిన ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు 1993లో తీర్పిచ్చింది. ఇంజినీరింగు, మెడికల్ సీట్ల బేరం దగ్గర మొదలైన వాదన, పద్నాలుగేళ్లు నిండేదాకా ఉచితంగా చదువుకోవడం పిల్లల ప్రాథమిక హక్కేనన్న చోట తేలింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తెలుగువారే. ఆ హక్కును 2002లో 86వ సవరణ రాజ్యాంగంలో 21ఎ అధికరణంగా చేర్చింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

పుదుచ్చేరిలో ఒక మెలిక ఉంది. పట్టణంలో క్రైస్తవ మిషన్ల బళ్లున్నాయి. మైనారిటీ బళ్లకు ఈ చట్టం వర్తించదని ప్రమతి ట్రస్టు కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ కాదంటే సెక్షన్లు చదివి లాభం లేదు. సర్కారు బడికి మాత్రం కాదనే వీలు లేదు.

ఇంకా బడిలో చేరాల్సిన పిల్ల తమ్ముడి సంగతి వేరు. మైనారిటీవి కాని, సర్కారు సాయం పొందని ప్రైవేటు బళ్లు ప్రవేశ తరగతిలో నాలుగో వంతు సీట్లు పేద, వెనకబడిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని 12వ సెక్షన్. పుదుచ్చేరిలో ఈ ఏడాది దాన్ని ఎలా అమలు చేస్తున్నారో పాఠశాల విద్యాశాఖ కార్యాలయంలోనే కనుక్కోవాలి. సీటు కోసం పిల్లాడికి పరీక్ష పెట్టినా, డొనేషన్ పుచ్చుకున్నా జరిమానా పడుతుంది.

ఇక అర్జీ. తల్లి పేరున తమిళంలో, తేదీ వేసి, రెండు కాపీలు రాయించండి. ఒకటి బడికిచ్చి, రెండోదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోవాలి. కాదంటే కారణం రాసిమ్మనండి. నోటిమాటతో తిప్పి పంపినంత తేలిక కాదు, సంతకం పెట్టి కాదనడం. ఆ కాగితంతో 32వ సెక్షన్ కింద స్థానిక అధికారులకు ఫిర్యాదు చేస్తే, ఇరుపక్షాల మాటా విని మూడు నెలల్లో తేల్చాలి. అక్కడా తేలకపోతే బాలల హక్కుల కమిషన్ ఉంది.

అయితే మూడు నెలలంటే ఈ చదువు ఏడాది దాదాపు అయిపోతుంది. అందుకని ఫిర్యాదు దాని దారిన అది నడుస్తుంటే, పిల్లను ఈ సోమవారమే దగ్గర్లోని సర్కారు బడిలో చేర్పించండి. అక్కడ మాట్లాడాల్సింది తల్లి. నువ్వు పక్కన ఉంటే చాలు. ఏప్రిల్లో కొడుకు కోసం ఆవిడ ఒక్కతే వెళ్లాల్సి రావచ్చు.

ఇట్లు,
మీ పెదనాన్న