వారపు పద్దు - బనారసీదాసు జీవితము నేర్పు పాఠము

వర్తకుడు రాత్రి అంగడి మూయుటకు ముందు గల్లాపెట్టెలోని రొక్కము లెక్కించి చిట్టాతో సరిచూచుకొనును. పది రూపాయలు తేడా వచ్చినను అతనికి నిద్ర పట్టదు. అదే వర్తకుని, "ఈ వారము ఏమి చదివితివి? క్రొత్తగా ఏమి తెలిసికొంటివి? ఎవరి మనస్సు నొప్పించితివి?" అని అడిగినచో జవాబు రాదు. సరుకునకు లెక్క కలదు, ఆయుర్దాయమునకు లెక్క లేదు. ఈ లోపము దిద్దుకొనుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. ఒక నోటుబుక్కు, వారమునకు ఒక అరగంట, ఉన్నది ఉన్నట్లు వ్రాయు ధైర్యము, ఈ మూడును చాలును. ఇందుకు దాదాపు నాలుగు వందల ఏండ్ల క్రిందటి ఒక జైన వర్తకుడే సాక్షి.

ఆయన పేరు బనారసీదాసు. 1586లో జౌన్‌పురమున జన్మించెను. తండ్రి ఖరగసేనుడు రత్నాల వర్తకుడు. బనారసీదాసు తన ఏబది యైదవ యేట, 1641లో, ఆగ్రానగరమున తన జీవితమును 675 పద్యములలో వ్రాసెను. మనుష్యుని పూర్ణాయువు 110 ఏండ్లని యెంచి, అందు సగము గడచినది గనుక ఆ గ్రంథమునకు 'అర్ధకథానకము' అని పేరిడెను. సంస్కృతమున గాక, అంగళ్లలో జనులు మాటలాడు మధ్యదేశపు భాషలో వ్రాసెను. అది 1943లో అచ్చుపడినది. మన దేశభాషలలోని తొలి ఆత్మకథలలో దానినొకటిగా పండితులు గణించుచున్నారు.

ఆ గ్రంథమున గొప్పలు తక్కువ, నష్టములు ఎక్కువ. వర్తకుని కుమారునికి అంగడియే గాని అతిగా చదువుట తగదని పెద్దలు మందలించినను వినక చదివితినని ఆయన వ్రాసెను. పదునాలుగేండ్ల ప్రాయమున శృంగారముపై వేయి పద్యముల గ్రంథము కూర్చి, తరువాత అది అసత్యములపుట్టయని తోచి, మిత్రులు చూచుచుండగా గోమతీనదిలో పారవేసెను. ఒక సన్యాసి మాట నమ్మి, వాకిట దినమున కొక బంగారు నాణెము దొరకునను ఆశతో ఏడాదిపాటు రహస్యముగా మంత్రము జపించి మోసపోయెను. ఆగ్రాకు సరుకు తీసికొనిపోయి, అజాగ్రత్తచే రత్నములు పోగొట్టుకొని, నెలల తరబడి ఒక కచోరీల అంగడివాని వద్ద అరువుపై తినెను. ఆ రోజులలో రాత్రివేళ తన గదిలో 'మధుమాలతి', 'మృగావతి' కథలను చదువుచుండగా పది యిరువదిమంది కూర్చుండి వినెడివారు. చేతిలో కాసు లేనప్పుడు ఆయనను నిలబెట్టినది చదువే. తొమ్మండుగురు బిడ్డలు పుట్టి, తొమ్మండుగురును పోయిన దుఃఖమును కూడ దాచలేదు.

చదువు విషయమున ఆయన వ్రాసిన మరొక సంగతి ప్రతి పాఠకుడును గమనింపదగినది. కుందకుందాచార్యుల 'సమయసారము'ను ఒక వ్యాఖ్యతో కూడ ఆయన చదివెను. ఆ ఆచార్యుల స్వస్థలము అనంతపురము జిల్లాలోని కొనకొండ్ల యని పలువురు చెప్పుదురు. బనారసీదాసునకు ఆ గ్రంథము అరకొరగా బోధపడెను. ఆత్మ యొక్కటే సత్యమైనచో పూజలెందులకు, నియమములెందులకు అని తలచి అన్నిటిని విడిచిపెట్టెను. మిత్రులతో గది తలుపులు మూసికొని, తామును దిగంబర మునులమే యని చెప్పుకొనుచు వేషములు వేసెను. లోకులు నవ్విరి. కొన్నేండ్ల తరువాత రూపచంద్రుడను పండితుడు ఆగ్రాకు వచ్చి 'గోమ్మటసారము'ను వివరించి, ఏ మెట్టుపై నున్నవానికి ఏ ఆచరణ తగునో తెలియజెప్పెను. అప్పటికి సందేహము తీరెను. 1636లో 'సమయసార నాటకము'ను ఆయనయే దేశభాషలో పూర్తిచేసెను. గ్రంథము ముగించినంత మాత్రమున చదువు ముగియదు. చదివినది నడవడిలో ఏమి మార్పు తెచ్చినదో చూచుకొనినప్పుడే అది జమకు చేరును.

ఈ లెక్కను వారముల వారీగా చేసిన మరొకరు అమెరికా దేశపు బెంజమిను ఫ్రాంక్లిను (1706-1790). అచ్చుపని చేసి పైకి వచ్చిన ఆయన పదుమూడు సుగుణములను ఎంచుకొని, చిన్న పుస్తకమున ఒక్కొక్క గుణమునకు ఒక్కొక్క పుట కేటాయించెను. ఆ పుటలో ఏడు దినములకు ఏడు గడులు గీసి, తప్పు జరిగిన దినమున నల్లచుక్క పెట్టుకొనెను. వారమునకు ఒక్క గుణముపైననే దృష్టి నిలిపెను. ఆ విధముగా పదుమూడు వారములకు ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు ఆవృత్తులు. అన్నిటిలోను వస్తువులను, పనులను క్రమముగా నుంచుకొనుటయే తనకు మిక్కిలి కష్టమైనదని ఆయన ఒప్పుకొనెను. సంపూర్ణుడు కాలేకపోయినను, ప్రయత్నమువలన మెరుగైతినని వ్రాసెను.

జైన శ్రావకులు దినమునకు, పక్షమునకు, చాతుర్మాస్యమునకు, సంవత్సరమునకు చేయు ప్రతిక్రమణము కూడ ఇట్టి లెక్కయే. వారపు పద్దు దానికి బదులు కాదు. ఆవర్జాకు చిట్టా ఎట్టిదో ప్రతిక్రమణమునకు ఇది అట్టిది. చిట్టా సరిగా లేనిచో ఆవర్జా ఎట్లు కుదురును?

సెలవు దినమున నాలుగు పద్దులు వ్రాసికొనిన చాలును. మొదటిది, ఈ వారము చదివిన దేమి, అందు అర్థము కాని దేమి. రెండవది, ఎవరివలన ఏమి నేర్చుకొనుట జరిగినది. మూడవది, గుర్తుకు వచ్చిన పాత సంగతి యొకటి, అనగా తాతగారి మాటయో, నాయనమ్మ వంటయో, పాత అంగడి కథయో. నాలుగవది, జరిగిన తప్పు, దానికి చేయవలసిన సవరణ. నాలుగవ పద్దు వదలిపెట్టువాడు జమ మాత్రమే వ్రాసి ఖర్చు దాచిన గుమాస్తా వంటివాడు. జ్ఞాపకము స్వభావముచేత మన పక్షమే మాటలాడును. కాగితము అట్లు చేయదు.

బనారసీదాసు గ్రంథాంతమున తన గుణములను, దోషములను రెండింటిని పేర్కొనెను. కోపము, గర్వము అంతగా లేవు గాని ధనముపై ఆశ మెండనియు, కల్పించి చెప్పుట ఇష్టమనియు, ఏకాంతమున నాట్యమాడుదుననియు వ్రాసెను. ఇతరుల గుణములను, తమ దోషములను చెప్పువారు ఉత్తములు, దానికి విపరీతముగా చెప్పువారు అధములు, రెండును చెప్పువారు మధ్యములు అని విభజించి, తాను మధ్యముడనని నిలిచెను.

ఈ పద్దును తెలుగున వ్రాయుటలో మరొక లాభము కలదు. బళ్లారిలో, చెన్నపట్టణమున, బరంపురమున, షోలాపురమున తరతరములుగా నున్న తెలుగు ఇండ్లలో తెలుగు చెవికి వినబడుచున్నది గాని చేతి వ్రాతలో తగ్గుచున్నది. తాతల చిట్టాలు అటకపై నున్నను వానిని చదువగల మనుమలు అరుదగుచున్నారు. లిపి పోయిన ఇంట కుటుంబపు జ్ఞాపకము కూడ ఒక తరముతో ఆగిపోవును. కావున వ్రాసిన దానిలో పిల్లలకు తగిన పుటను వారిచేతనే బిగ్గరగా చదివింపవలెను. తప్పులు చదివినను కసరరాదు.

సగము కథ వ్రాసిన బనారసీదాసు 1643 ప్రాంతమున కాలధర్మము చెందెను. మిగిలిన సగమునకు గడువు దొరకలేదు. ఎవరి గడువు ఎంతయో ఎవరికిని తెలియదు గనుక, మొదటి పద్దు వచ్చు సెలవు దినముననే వ్రాయుట మేలు.